38వ నంబరు సంచిలో మా అశ్విని ఫోన్

నా పేరు బోయిని పుణ్యవతి. భర్త లింగయ్య, ఆయన లేడు. వయసు ఆధార్ కార్డులో నలభై ఆరు. పని హౌస్‌కీపింగ్, రాయదుర్గంలో ఒక ఐటీ బిల్డింగు, ఏడో అంతస్తు. ఉండేది మూసాపేటలో కిరాయి గది. సొంతూరు పరిగి దగ్గర. రెండో తరగతి దాకా చదివాను. ఈ రోజు 2025 సెప్టెంబరు 9, మంగళవారం, పగలు పదకొండుంపావుకు మేజిస్ట్రేట్ మేడం గారి ముందు కూర్చుని చెబుతున్నాను. మేడం పోలీసువాళ్ళను బయటికి పంపించి, భయం లేకుండా చెప్పమన్నారు. నేను చెప్పేది రాయిస్తున్నారు.

నాకు ఒక్కతే కూతురు, అశ్విని. ఇరవై ఒక్కేళ్ళు. కూకట్‌పల్లిలో బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర చేసేది. మా తమ్ముడి కొడుకు కుమార్‌ను కూడా నేనే పెంచాను. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, ఇప్పుడు ఇరవై నాలుగు. బండి మీద పార్సిళ్ళు వేసేవాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. మత్తు గోలీలు అమ్మాడని కేసు. ఆ కేసు గురించే నన్ను పిలిపించారు.

జూన్ 11 బుధవారం పనిలో నా ఫోన్ మాప్ బకెట్లో పడింది. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో పెట్టాను. తడిసిన ఫోన్ బియ్యంలో పెడితే తేమ పీల్చుకుంటుందని అందరూ అంటారు. నాది బాగుపడలేదు. మరునాడు గురువారం అశ్వినికి షాపు సెలవు. తన ఫోన్ నా చేతిలో పెట్టింది. నాకెందుకే అన్నాను. "ఫోన్ లేకుండ ఎట్ల పోతవ్ అమ్మా? దార్ల ఏమన్నయితే నాకెట్ల తెలుస్తది?" అంది. ఈ మాట రెండుసార్లు రాయమని మేడంను అడిగాను. ఒకసారి రాస్తే చాలన్నారు.

ఆ ఫోన్ నా బొటనవేలికి కూడా తెరుచుకుంటుంది. నాకు నంబర్లు గుర్తుండవని అశ్వినే అట్లా పెట్టింది.

మా బిల్డింగులో హౌస్‌కీపింగ్ వాళ్ళను ఫోన్లు పైకి తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు నంబరు వేసిన సంచిలో వేసి పెట్టుకుంటారు. దిగేటప్పుడు టోకెను ఇస్తే ఫోన్ ఇస్తారు. నాది 38. ఆ రోజు కూడా పొద్దున ఏడింటికి 38లో వేశాను.

పదకొండూ ఇరవైకి మా సూపర్‌వైజర్ వసంత వచ్చింది. "పుణ్యక్కా, సెల్లార్ల సెక్యూరిటీ సారు పిలుస్తుండు, జల్ది పో" అంది. పోయాను. గదిలో సెక్యూరిటీ పెద్దసారు, గళ్ళ చొక్కా వేసుకున్న ఇంకో మనిషి ఉన్నారు. బల్ల మీద అశ్విని ఫోన్ ఉంది. "సంచులు కలిసిపోయినయ్ అమ్మా, నీదో కాదో చూడాలె, వేలు పెట్టు" అన్నాడు గళ్ళ చొక్కా ఆయన. పెట్టాను.

ఎందుకు పెట్టావని మేడం అడిగారు. పొద్దున పనిలోకి ఎక్కేటప్పుడు మిషను మీద వేలు పెడతాను. దిగేటప్పుడు పెడతాను. రేషన్ షాపులో పెడతాను. బ్యాంకులో పెడతాను. వేలు పెట్టమంటే ఎందుకని అడగడం నాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్ తెరుచుకుంది. "నీదే, బయట నిలబడు" అన్నాడు. పది నిమిషాలు బయట నిలబడ్డాను. చేతికి రబ్బరు గ్లౌజు ఒక్కటే ఉంది, రెండోది పైన మరిచిపోయాను. తర్వాత పైకి పోయి ఏడో అంతస్తు తూర్పు బాత్రూంలు కడిగాను. మూడున్నరకు ఫోన్ తిరిగి ఇచ్చారు. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

అప్పటినుంచి మధ్యాహ్నానికే నెట్ అయిపోతోందని, ఛార్జింగ్ నిలబడటం లేదని అశ్విని సణిగేది. "ఒక్కరోజు ఇస్తే ఏం జేసినవే? పొద్దంత సీరియల్ జూసినవా ఏంది?" అని నన్ను ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని.

జూలై 13 ఆదివారం సాయంత్రం కుమార్ ఆ ఫోన్‌కే చేశాడు. "అత్తా, బుధవారం తెల్లాపూర్ల పనుంది. అయినంక బువ్వకొస్త, చుక్కకూర పప్పు వండు" అన్నాడు. బుధవారం పప్పు వండాను. వాడు రాలేదు. సాయంత్రం ఆరూ నలభైకి తెల్లాపూర్‌లో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర పోలీసులు పట్టుకున్నారు.

17వ తేదీ గురువారం నేను పనికి పోలేదు. పొద్దున పదింటికి ఎస్సై సారు మా గదికి వచ్చారు. నన్ను లోపల ఉండమని, అశ్వినిని నీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకుపోయి మాట్లాడారు. ఫోన్ బంద్ చేయొద్దు, పిలిస్తే రావాలి అని పోయేటప్పుడు గట్టిగా చెప్పారు. అది నేను విన్నాను. డ్రమ్ము దగ్గర ఏమన్నారో వినలేదు. అశ్విని లోపలికి వచ్చి తిన్న ప్లేటునే మళ్ళీ కడిగింది.

శుక్రవారం సాయంత్రం బియ్యం కొలవబోతే డబ్బాలో ఫోన్ ఉంది. పాత చీర ముక్కలో చుట్టి, అడుగుకు తోసి ఉంది. "ఇదేంది బిడ్డా?" అన్నాను. "తడిసిందమ్మా, నీ ఫోన్ లెక్కనే" అంది. నేను నమ్మాను. బియ్యంలో ఫోన్ ఉంటే తడిసిందనే అనుకుంటాము కదా.

19వ తేదీ శనివారం నాకు సెలవు. తొమ్మిదీ పదికి అశ్విని టిఫిన్ డబ్బా పట్టుకుని పోయింది. దొండకాయ కూర పెట్టాను. పదకొండింటికి బియ్యం డబ్బాలో ఫోన్ మోగింది. తీస్తే తనతో పనిచేసే సరిత. "ఆంటీ, అశ్విని ఇంక రాలేదేంది?" అంది. మా గదినుంచి మెట్రో స్టేషన్‌కు నడక పది నిమిషాలు. మూడుసార్లు నడిచాను. షాపుకు పోయాను. తనకు తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోయాను. సాయంత్రం వచ్చి, ఎవరైనా చేస్తారేమోనని ఆ ఫోన్ ఛార్జింగ్ పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆదివారం కూడా అట్లాగే.

సోమవారం దవాఖానలు తిరుగుతూ పోయి, పదకొండింటికి ఒక దవాఖానలో చూశాను. శనివారం తొమ్మిదీ ఇరవైఐదుకు మెట్రో స్టేషన్ కింద ఫుట్‌పాత్ మీద ఫిట్స్ వచ్చి పడిపోయిందట. ఎవరో పుణ్యాత్ములు అంబులెన్సుకు చేశారు. ఫిట్స్ ఆగలేదట. మధ్యాహ్నం రెండూ పదికి పోయింది. చేతిలో ఫోన్ లేదు. ఎవరి పిల్లో తెలియలేదు. గుర్తు తెలియని స్త్రీ అని రాసి పెట్టారు. రెండు రోజులు నా బిడ్డ పేరు అదే. టిఫిన్ డబ్బా నాకు తిరిగి ఇచ్చారు, మూత తీయలేదు.

నా బిడ్డకు ఫిట్స్ ఉన్నట్టు నాకు తెలియదు. పదోరోజున సరిత చెప్పింది. ఫిబ్రవరిలో షాపు గోదాములో ఒకసారి వచ్చాయట. డాక్టరు దగ్గరికి పోయి గోలీలు వాడుతోందట. గాజుల డబ్బాలో దొరికాయి. కౌంటరునుంచి తీసేస్తారని, నేను ఇల్లు కదలనివ్వనని దాచిందట. సరితతో ఒక్కదానితోనే, అదీ ఫోన్లోనే చెప్పుకునేది. డ్రమ్ము దగ్గర ఎస్సై సారు అశ్వినితో అన్న మాట కూడా సరితే చెప్పింది, శుక్రవారం షాపులో విన్నదట. "నీకు ఫిట్సొస్తయని మీ అమ్మకు తెల్వదు కదా? కుమార్ సంగతి నువ్వు చెప్తవా, ఈ సంగతి నన్ను చెప్పమంటవా?" అన్నారట. అప్పుడు అశ్వినికి అర్థమైంది, ఫోన్ వింటోందని, వాళ్ళకు వినిపిస్తోందని. బంద్ చేయొద్దన్నారు కాబట్టి బియ్యంలో పెట్టింది. దాన్ని వెంట తీసుకుపోకుండా పోయింది.

అంటే నా బిడ్డకు జబ్బుందని విన్నవాళ్ళకు తెలుసు. ఒకే గదిలో పక్కన పడుకున్న నాకు తెలియదు.

ఆగస్టులో ఎస్సై సారు స్టేషన్‌కు పిలిపించారు. గళ్ళ చొక్కా ఆయన కూడా అక్కడే ఉన్నాడు, ఆయనా పోలీసేనట. ఒక మాట వినిపించి ఎవరి గొంతో గుర్తుపట్టమన్నారు. "అశ్వినీ, యాడున్నవ్ బిడ్డా? అశ్వినీ" అని ఉంది. నాదే అన్నాను. శనివారం సాయంత్రం ఏడూ నలభై అని వాళ్ళే చెప్పారు, అప్పుడు ఆ ఫోన్ నా ఒళ్ళో ఉంది. అశ్విని గొంతు గుర్తుపట్టాలని పోయాను. అది నా గొంతు. ఆ రోజు కూడా విన్నారు కదా, ఒక్కరైనా ఫోన్ చేయలేదేం అని అడిగాను. సారు కాగితాలు సర్దుకున్నారు.

తర్వాత ఒక కాగితం ముందు పెట్టారు. ఫోన్ నేనే ఇష్టంతో ఇచ్చానని అందులో ఉందట. "నీ వేలుతోనే తెరిచినవ్ కదమ్మా, ఇచ్చినట్టే లెక్క. నువ్వు ఒప్పుకోకుంటే మేం విన్నయి కోర్టుల చెల్లవు, కుమార్ బయటికొస్తడు" అన్నారు. రేపు చెబుతానని వచ్చేశాను.

ఈ రోజు కోర్టు వరండాలో ఈశ్వరమ్మ గారు నా పక్కన కూర్చున్నారు. అనంతపురంవాళ్ళు, తెల్లాపూర్‌లో ఉంటారు. వాళ్ళ కొడుకు సురేంద్ర సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసేవాడు. మార్చిలో ఆ గోలీలు మింగి పోయాడు. తెచ్చి ఇచ్చింది కుమారే అంటున్నారు. ఆమె నీళ్ళ సీసా మూత తీసి మొదట నాకే ఇచ్చింది. "ఇష్టంగానే ఇచ్చినానని ఒక్క మాట చెప్పక్కా. నా కొడుకు ఎట్లాగూ రాడు. ఆ పిల్లోడు బయటికొస్తే ఇంకొకామె కొడుకు పోతాడు" అంది. ఆమె చెప్పిన దాంట్లో తప్పు లేదు. నీళ్ళు తాగాను. నా జవాబు ఇక్కడ చెబుతున్నాను, ఆమెకూ వినిపించండి.

ఫోన్ నేను ఇవ్వలేదు. వేలు పెట్టమన్నారు, పెట్టాను. దేనికో చెప్పలేదు.

ఇంకొకటి కూడా రాసుకోండి. మే 25 ఆదివారం కుమార్ బ్యాగు మా మంచం కింద ఉంది. అందులో సర్ఫు డబ్బా కనబడితే బట్టలకని తెరిచాను. పైన సర్ఫు, కింద చిన్న చిన్న కవర్లు, రంగురంగుల గోలీలు. ఏందిరా ఇవి అంటే "జిమ్మోళ్ళకు బలం గోలీలు అత్తా" అన్నాడు. అబద్ధమాడితే చిన్నప్పటినుంచి చెవి రుద్దుకుంటాడు. రుద్దుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు. నేనే నా కళ్ళతో చూశాను. వాణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. వాడు నన్ను అత్తా అని పిలిచినా ఇదే చెబుతాను.

గళ్ళ చొక్కా ఆయన జూన్ 12నాడు ఆ సెల్లార్‌లో కుర్చీ వేసి, అమ్మా, కుమార్ ఏం చేస్తున్నాడు, నీకేమన్నా తెలుసా అని అడిగి ఉంటే చెప్పేదాన్ని. మొదట ఏడ్చేదాన్ని, తర్వాత చెప్పేదాన్ని. అన్ని రోజులు అన్నీ విన్నారు. నన్ను అడగలేదు.

నేను చెప్పింది నిజం. మేడం మొత్తం చదివి వినిపించారు. అశ్విని ఫోన్ ఇస్తూ అన్న మాట దగ్గర ఆపించి, మళ్ళీ చదివించుకున్నాను. నేను చెప్పినట్టే ఉంది. దేని మీద పెడుతున్నానో తెలుసుకుని, ఈసారి వేలు పెడుతున్నాను.

బోయిని పుణ్యవతి, బొటనవేలి ముద్ర