ఖాళీలో రాసిన ఊరు

మస్కట్ పక్కనున్న మత్రా రేవులో ఇనాయత్ సేటు ఎండు నిమ్మకాయలు ఎగుమతి చేస్తాడు. ఆయన గుమాస్తా కామేశ్వరరావు పొద్దున్నే బొంబాయి ఓడ ఎక్కాలి. అద్దెగదిలో అతని భార్య మంగతాయారు పెట్టె సర్దుతోంది.

"గొడుగు పట్టదే, మంగా. తీసెయ్యి."

"జూన్ నెల. అక్కడ వానలుంటాయి."

"నాలుగేళ్ళయింది దాన్ని తెరిచి. ఊచలు తుప్పు పట్టుంటాయి."

"ఇక్కడ వాన ఎక్కడ పడిందని తెరవడానికి. ఎన్నాళ్ళన్నారు సేటు?"

"ఒక్క వాయిదా. పదిహేను రోజులు."

"నిన్న పది అన్నారు."

"పదో, పదిహేనో. సరుకు తడిసిందని బొంబాయిలో దాన్ని కొన్న ముర్తుజా దావా వేశాడు. తడిసింది ఓడలో అని చెప్పి వచ్చేస్తాను."

"మోసం కేసు కూడా పెట్టాడటగా. ఒప్పందం మీద సంతకం చేసింది మీరేగా, దిగగానే పట్టుకుంటారట. పక్కింటి అజీజా చెప్పింది."

"అజీజాకి కోర్టు సంగతులేం తెలుసు. నా కళ్ళజోడు పెట్టావా?"

"పెట్టాను. సేటే వెళ్ళచ్చుగా?"

"ఆయనకి ఒంట్లో బాగాలేదు."

"నిన్న బజార్లో నవ్వుతూ కనిపించాడు. పోనీ, నేనూ వస్తాను."

"నీ పాస్‌పోర్టు సేటు దగ్గరుంది. నేను తిరిగొచ్చాక ఇస్తాడు."

"అంటే నన్ను తాకట్టు పెట్టి వెళ్తున్నారు."

"అంత మాట అనకు. నా కండువా ఏదీ?"

"అడుగున ఉంది. ఒప్పందం కాగితంలో మస్కట్ కోర్టు అని ఉంటే?"

"ముర్తుజాయే ఇక్కడికి రావాల్సొచ్చేది."

"మరి బొంబాయి అని ఎవరు రాశారు?"

"ఇక్కడ మన రూపాయి చెల్లదన్నాక పాత ఒప్పందాలన్నీ మార్చారు కదా. కొత్త ఫారంలో తగువొస్తే ఏ ఊరి కోర్టుకెళ్ళాలో ఆ చోటు ఖాళీ వదిలారు. ఏదో ఒకటి నింపమన్నాడు సేటు."

"ఆ రోజు వచ్చి నన్నడిగారు. నేను వంకాయలు తరుగుతున్నాను. బొంబాయి రాయండి, తగువొస్తే ఆ వంకనన్నా ఇద్దరం మన దేశం చూస్తాం అన్నాను."

"నీకు గుర్తుందా?"

"నా మాట విని రాశారా?"

"లేదు. నాకు తోచే రాశాను."

"నా మొహం చూసి చెప్పండి."

"ముందు మస్కట్ అనే రాశాను. నువ్వు ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు అది కొట్టేసి బొంబాయి అని రాశాను."

"ఒక్క పూట తినకపోతే ఏమయ్యేదండీ నాకు?"

"ఏమీ అయ్యేది కాదు."

"మూత పడట్లేదు."

"గొడుగు ఇలా ఇవ్వు. చేత్తో పట్టుకెళ్తాను."

కామేశ్వరరావు 1974 జూన్ పన్నెండు, బుధవారం నాడు ఓడెక్కాడు. తిరిగి రాలేదు.