పడని ముద్రలు

ఆమెకు ఐర్లండులో నర్సు ఉద్యోగం వచ్చింది. విశాఖలో వీసాకి వేలిముద్రలిచ్చి, ఇద్దరు పిల్లలతో మొగుడూ పెళ్లాలు మిట్టమధ్యాహ్నం పలాస స్టేషన్లో దిగారు. మొగుడి ముద్రలు పడలేదు.

“సేతులిలా సూపించు బావా.”

“ఏటి సూత్తావు? ఆ మిషను బాగోనేదు.”

“నీ ముందోళ్లందరికీ బాగానే పనిసేసింది కదా! జీడిపిక్కల రసానికి నీ వేళ్లన్నీ తోలు లేచిపోనాయి, సూసుకో.”

“జీడి బట్టీకాడ అమ్మకి పిక్కలు కొట్టడంలో సాయం సేసినాను. తప్పా?”

“పెళ్లయి ఎనిమిదేళ్లు. పిక్కలు కొట్టడం ఆడోళ్ల పనని ఒక్కటీ ముట్టనేదు. వీసా కాగితాలు ఎట్టినకాడ నుంచి రోజూ ఎళ్లినావు. కొట్టినోళ్లందరూ సేతులకి ఆముదం రాసుకుంటారు, నువ్వెందుకు రాసుకోనేదు?”

“ఒలే, మెల్లిగా. జనం సూత్తన్నారు.”

“సూడనీ.”

“అక్కడ నువ్వు డ్యూటీకెళ్తే నేనేటి సెయ్యాలి? ఇంట్లో కూకొని అన్నాలొండాలా?”

“ఇక్కడ నేను డ్యూటీ సేసొచ్చి వండనేదా?”

“నేను రాను. నేను రాకుండా నువ్వెలా ఎల్తావో అదీ సూత్తాను.”

“మా ముగ్గురి ముద్రలూ పడినాయి.”