సొట్ట లేని ప్రైమర్

అమెరికాలోని ఓజార్క్ కొండల్లో తుపాకులు బాగుచేసే కొట్టు. తెల్లారితే జింకల వేట మొదలు. మూతిలోంచి మందు కూరే కొత్తరకం తుపాకీ ఒకటి, ముసలి మేస్త్రీకీ దాన్ని తెచ్చినవాడికీ మధ్య బల్ల మీద ఉంది.

“ఏమిటి దీని జబ్బు?”

“పేలదండీ. మూడేళ్ళుగా ఇదే వరస. ఉత్త చెత్త తుపాకీ అని మీరొక్క మాటంటే మా మావయ్య నమ్ముతాడు.”

“మీ మావయ్య వెర్లిన్ ఏరికోరి కొనిచ్చిందే కదూ. గొట్టం అద్దంలా ఉంది. మీట వెన్నలా కదులుతోంది. వానలో తడిసినా పేలే సరుకిది. మందుకు నిప్పంటించే బిళ్ళ, ఆ పేలని ప్రైమరేదీ?”

“ఇదిగోండి, జేబులోనే ఉంది.”

“మీట నొక్కితే లోపలి సూది తగిలి దీని మీద సొట్ట పడాలి బాబూ. నున్నగా ఉంది. నువ్వసలు మీట నొక్కలేదు.”

“జింక నావైపే చూస్తుందండీ. నా వేలు కదలదు.”

“ఆ ముక్కే మీ మావయ్యతో చెప్పు.”

“ఉండేది ఆయనింట్లో. గోడ నిండా కొమ్ములే. నేను అన్నం తినే కుర్చీ పైన మాత్రం ఒక మేకు ఖాళీగా ఉంచాడు. రోజూ దాన్నే చూస్తాడు.”

“సరే. పనికిరాదనే చెబుతాను.”

“బతికించారు.”

“ఎక్కడ బతికించాను? ఆ గోడకానించిన కొత్త తుపాకీ చూశావా? మీ మావయ్యే పొద్దున్న వచ్చి నీకోసం తీసిపెట్టమన్నాడు. రేపు నీ పక్కనే కూచుంటాడట.”