చాలు అనే మనిషి

యానాం, ఫరంపేట. మధ్యాహ్నం భోజనాల వేళ. సత్యవతమ్మ భర్త ఉమామహేశ్వరానికి వడ్డిస్తోంది. మంచాన పడితే తనకు ఏ వైద్యం చేయాలో, ఏది వద్దో ఆవిడ చెబుతుంటే, మనవరాలు హేమశ్రీ వీలునామా రాస్తోంది.

"వెంటిలేటర్ వద్దా? అదేం చోద్యం సత్యవతీ, గదిలోకి గాలెలా వస్తాది?"

"గోడకుండేది కాదు తాతయ్యా. ఊపిరాడకపోతే ఆస్పత్రిలో పెట్టే మిషను."

"నాకు తెలుసులే. మీ మామ్మకి తెలుసో లేదోనని."

"ఎందుకు తెలీదు? కాకినాడలో మా అక్కకి పెట్టారుగా. నోట్లో గొట్టం, చేతులు మంచానికి కట్టేశారు. ఇక లేవదని డాక్టరు చెప్పినా, ఆపమనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. నాకీ గుండె జబ్బు ఉండనే ఉంది. ఆ బతుకు నాకొద్దు. రాయమ్మా హేమా."

"రాశాను మామ్మా. నీకు మాట పడిపోతే, నీ బదులు 'ఇక చాలు' అని డాక్టరుకి చెప్పే మనిషెవరు? పేరు రాయాలంట."

"మా తమ్ముడు గోపాలకృష్ణ."

"ఇదిగో, మొగుణ్ణి ఇక్కడే ఉన్నాను. కనపడతన్నానా?"

"మీరా? పెళ్లయిన కాణ్ణించీ చూస్తన్నాను, చాలు అన్న మాట మీ నోట వచ్చిందా? కంచం నిండి కింద పడతన్నా ఇంకో గరిటె అంటారు."

"మా తాతా అంతే. మెట్టకూరులో ఆయన్ని పాడెకి కట్టి మోసుకెళ్తంటే, ఎవరింట్లోనో రొయ్యల ఇగురు వాసనొచ్చి లేచి కూచున్నాడు. మోసేవాళ్లు గోదాట్లో దూకేశారు. తరవాత ఆ నలుగురినీ ఆయనే మోశాడు."

"పోయినసారి ముగ్గురన్నావు తాతయ్యా."

"నాలుగోవాడు ఆలస్యంగా పోయాడమ్మా."

"విన్నావా హేమా? రేపు డాక్టరుకీ ఈ కథే చెప్తారు. ఇగురు వండించుకొచ్చి నా ముక్కు దగ్గర పెడతారు. ఇవాళ లేస్తాది, రేపు లేస్తాది అని నన్నలాగే ఉంచేస్తారు."

"పెడితే లేవవా?"

"లేవను."

"నీ చేతి ఇగురు లాంటిదే వండించినా?"

"లేవనండీ. మా తమ్ముడి పేరు రాయమ్మా."

"ఆగమ్మా. రాయకు."

"మీ అన్నం చల్లారిపోతంది. కంచానికి చెయ్యడ్డం పెట్టారేంటి? తీయండి, ఇంకో గరిటె వేస్తాను."

"చాలు."

"చాలా? రొయ్యల ఇగురండీ. ఉప్పు ఎక్కువైందా?"

"బాగానే ఉంది. ఇగురుక్కాదే అన్నది. ఆ మాటకి నోరు తిరుగుద్దో లేదో చూసుకున్నాను. హేమా, నా పేరు రాయమ్మా."