క్రేనుకు వెట్టిన బొట్టు

"పెద్దబాపూ, రెస్పెక్ట్ అంటే గౌరవమే గదా? మరి క్రేను మోసే ఇనుప రాడ్లకు గౌరవమేందే? నిన్న ఆ కెన్యా సిగ్నల్ ఆయన నా అంగి వట్టి ఎనుకకు గుంజి, అందరి ముంగట 'రెస్పెక్ట్ ది లోడ్' అని ఒర్రిండు. నా ఇజ్జత్ పోయింది. రేపటి సంది డ్యూటీకి పోను."

ఓహో, గదా సంగతి! పొద్దటి సంది మూతి ముడుసుకొని కూసుంటే, శుక్కురారం కూరల నేను ఉప్పు ఎక్కువేసిన్నేమో అనుకున్న. ఇటు రా శీనూ, గీ కుర్సీల కూసో. ఉల్లిగడ్డలు కోసుకుంట మాట్లాడుకుందాం. పోనంటవా, పోకు, ఎవలద్దన్నరు? గని నా ముచ్చటొకటి ఇని అటెనుక పోకు.

గీ రెస్పెక్ట్ అనే మాట ఉన్నది సూడు, ఇంగ్లీషు మాట్లాడేటోళ్ళకు అది ఉప్పసొంటిది, అన్నిట్ల వడ్తది. మెస్సుల వరుస తప్పితే 'రెస్పెక్ట్ ది లైన్' అంటరు. గీ కెన్యా పిలగాండ్లు పిడికిలికి పిడికిలి తాకిచ్చి 'రెస్పెక్ట్' అంటరు, అది మన రాంరాం లెక్క. నేను గీ ఖతరుకు వచ్చిన కొత్తల, వెస్ట్ బే దిక్కు సైటుల మాకొక మేనేజర్ ఉండె. ఆయన మెల్లగ 'విత్ రెస్పెక్ట్' అని మొదలువెట్టిండంటే, ఇగ ఆ పొద్దు ఎవనికో మూడిందన్నట్టే. నవ్వుతున్నవా? మన దిక్కు గూడ గంతేనాయె! 'మర్యాదగ చెప్తున్న' అన్నడంటే వాని దగ్గర మర్యాద అయిపోయిందనే గదా.

ఆఁ, ఏడున్న? లింగన్న ముచ్చట చెప్దామనుకున్న. లింగన్న ఎరికేనా నీకు? మీ మేనత్త మరిది... కాదు కాదు, మేనత్త తోడికోడలి తమ్ముడు. ఇప్పుడు ఊర్లె మక్కజొన్న ఏసుకుంటున్నడు. గప్పుడు వెస్ట్ బేల మా సైటుల క్రేను ఆపరేటర్. నేను కింద నిలవడి చేతులు ఊపే సిగ్నల్ మ్యాన్. మాకు సేఫ్టీ సారు ఒక తెల్లాయన. రోజూ పొద్దుగాల్ల పని మొదలుగాక ముందు అందరిని నిలవెట్టి మీటింగ్ చెప్తుండె. ఆ వారమంతా ఒకటే పాట, 'రెస్పెక్ట్ ది క్రేన్, రెస్పెక్ట్ ది క్రేన్.' లింగన్న నన్ను అడిగిండు, ఏందిరా అంటున్నడు అని. క్రేనుకు గౌరవం ఇయ్యమంటున్నడే అన్న. లింగన్న కుష్ అయిండు. "తెల్లాయనకు గూడ మన దసర ఎరుకనే!" అన్నడు.

దసర గా వారంలనే వచ్చె మరి. మనకేమో ఈడ సెలవు లేదాయె. మన ఇండ్లల్ల ఎట్ల? మీ తాత నాగలికి నా కాలు తాకితే, వంగి ముట్టుకొని కండ్లకద్దుకునే దాక ఊకోకపోతుండె. మీ పెద్దమ్మ ఇప్పటికీ కొడవలికి బొట్టు వెట్టందే దసర నాడు బువ్వ ముట్టది. అన్నం వెట్టేది గదా. లింగన్నకు అన్నం వెట్టేది క్రేను. ఇగ పండుగ పొద్దు అందరికంటె ముందు వొయ్యి, హుక్కుకు, గొలుసులకు, తాళ్ళ కొసలకు, అన్నిటికి కుంకుమ బొట్లు వెట్టిండు. నిమ్మకాయ గట్టిండు. గప్పుడు నిమ్మకాయలు ఇప్పటోలె చవకగ లేకుండె, బకాలా కొట్టుకు వోతె రియాలుకు రెండు గూడ రాకపోతుండె. నేనే తెచ్చిచ్చిన.

ఇగ ఇను. గొలుసులు, తాళ్ళు చెకింగ్ జేసి రంగు పూస్తరు సూసినవా? మా సైటుల పచ్చరంగుంటే మంచిది. ఎర్రరంగు వడ్డదంటే పనికిరాదు, ముట్టుకోవద్దు, పక్కకు వెట్టు అని. మా లింగన్న వెట్టిన బొట్లు ఏ రంగు? నీకు తెలుసు, నాకు తెలుసు. మొక్కేటప్పుడు గవన్ని యాదికుంటయా? నేపాలు పిలగాడొకడు ఎర్రగ సూసిండు, బెదిరి వాకీటాకీల 'రిజెక్ట్, రిజెక్ట్' అన్నడు. అంతే! సైటు మొత్తం బంద్. కాంక్రీటు బండ్లు గేటు దాక బారుగట్టినయి. హారన్లే హారన్లు.

సేఫ్టీ సారు ఉరికొచ్చిండు. మొఖం మా కుంకుమ కంటె ఎర్రగైంది. "ఎవరు జేసిండ్రు?" లింగన్న క్రేను దిగొచ్చి చేతులు గట్టుకొని నిలవడ్డడు. సారు బట్ట పారేసి, "తుడువు, యల్లా, జల్ది పని మొదలువెట్టు" అన్నడు. గంతే అడిగిండు కొడుకా. తుడిస్తే అయిపోతుండె. లింగన్న తుడువలే.

ఎట్ల తుడుస్తడు? పండుగ పూట, వెట్టిన చేతితోని బొట్టు తుడుసుడా? సారు "తుడువు, లేకపోతే ఇంటికి పంపిస్త" అన్నడు. లింగన్న కండ్లల్ల నీళ్ళు తిరిగినయి గని చెయ్యి లేవలే. ఊర్లె ఇల్లు సగమే కట్టుకున్నడు అప్పుడు. లింగన్న నౌకరి పోయినట్టే అనుకున్న.

ఇగ నేనే ముంగటికి వోయిన. నా ఇంగ్లీషు నీకెరికే, తక్కువేం గాదు. "సార్, యు సే రెస్పెక్ట్ క్రేన్. మై కంట్రీ, దిస్ రెస్పెక్ట్" అన్న. ఆయన "మరి తుడువనికేంది? తుడిస్తే ఏమైతది?" అని అడిగిండు. "హస్బెండ్ డై, దెన్ వైప్ సార్. క్రేన్ నో డై" అన్న. ఏం జెయ్యాలె మరి, నోటికి గదే వచ్చె!

సారు కాలి బూటుతోని ఇసుకల గీత గీసిండు, క్రేను చేయి ఎందాక తిరుగుతదో అందాక. "నేను చెప్పిన రెస్పెక్ట్ గిది. బరువు లేసినప్పుడు గీ గీతకు ఇవుతల ఉండుడు" అన్నడు. గప్పుడు తెలిసింది నాకు. మనమేమో గౌరవమంటే దగ్గరికి పోతం, ముడతం, మొక్కుతం. వాళ్ళు దూరం జరుగుతరు. మల్ల సారు వాకీటాకీ తీసి, "గీ క్రేనుకు ఇయ్యాల రెస్ట్. పక్క క్రేనుతోని నడిపియ్యుండ్రి. రేపు పొద్దున కడగండ్రి" అని చెప్పిండు. దసర నాడు పనిముట్టును పండవెట్టుడే గదా అసలు మొక్కు! లింగన్న పండుగ పూర్తయింది.

ఆగు, అసలుది గిప్పుడుంది. పోయే ముందు సారు ఆ హుక్కు ముంగట నిలవడ్డడు. వాళ్ళు మొక్కాలంటే టోపి తీస్తరు గదా, చెయ్యి హెల్మెట్ మీదికి వోయింది. గప్పుడే లింగన్న వంగి బూట్ల తాళ్ళు విప్పుతున్నడు. సారు "నో నో, షూస్!" అని ఒర్రిండు. లింగన్న "సార్, హెల్మెట్!" అని ఒర్రిండు. ఇద్దరు ఆగిండ్రు. ఇగ నవ్వుడే నవ్వుడు, కాంక్రీటు బండ్లోళ్ళు గూడ దిగొచ్చి సూసిండ్రు.

గందుకే చెప్తున్న బిడ్డా. ఆ కెన్యా పిలగాడు గుంజింది నీ అంగినే గని నీ ఇజ్జతును గాదు. నీ నెత్తి మీద రాడ్ల మోపు ఊగుతుండెనట గదా? నాకు పొద్దున్నే చెప్పిండ్రు, నీ నోట ఇందామని ఎరుకలేనట్టున్న. గుంజకపోతే నేను ఇయ్యాల మీ అవ్వకు ఏమని ఫోన్ జేద్దును? రేపు డ్యూటీకి పో. ముందుగాల్ల వాని దగ్గరికి వొయ్యి, పిడికిలి సాపి 'రెస్పెక్ట్' అను. వాడు నవ్వుతడు సూడు, పండ్లన్ని కనవడేటట్టు.

మీ అవ్వ ఫోన్ జేసి 'దుబాయిల ఎట్లున్నవ్ కొడుకా' అంటే, ఇది దుబాయ్ గాదే, ఖతరే అని లొల్లి వెట్టకు. మంచిగున్న అను. మంచిగనే ఉన్నవు గదా, నా ముంగట కూసున్నవు. సల్లగుండు కొడుకా. క్రేను లేసినప్పుడు దూరం నిలవడు, దూరం నిలవడి నూరేండ్లు బతుకు... ఏయ్, ఏడుస్తున్నవా? ఉల్లిగడ్డలా? ఆఁ, ఉల్లిగడ్డలే, నాకు గూడ గట్లనే అయితుంది...