మందారాల కంచె

ఉక్కునగరంలో పక్కపక్కనే ఉన్న రెండు క్వార్టర్లు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మందారాల కంచెకు ఇవతల పూలబుట్టతో శ్రీరామ్మూర్తి. అవతల, నమాజు ముగించి వరండాలోకి వచ్చిన రషీదా.

"పలకరేటి? కంచె కాడ ఎవరది?"

"నానేనమ్మా."

"నానేనంటే?"

"శ్రీరామ్మూర్తిని. రోజూ నానే వత్తాను, రోజూ నువ్వు ఎవరది అనే అడుగుతావు."

"ఈ మంచులో ఏటి కనబడతాది అన్నయ్యా? ఏ పూలదొంగో అనుకున్నాను."

"దొంగోడు బుట్ట పట్టుకుని వత్తాడేటి?"

"ఏల రాడు? మొన్న వాకింగుకొచ్చిన పెద్దమనుసులు ఇద్దరు కేరీబాగులు పట్టుకొచ్చీసి నందివర్ధనం మొత్తం దులిపీసి ఎల్లినారు. పైగా దేవుడికమ్మా అన్నారు."

"నాను అలాటోణ్ణి కాను. చెట్టుకి నాలుగు ఒదిలే కోత్తాను."

"అదెరుగుదును. కొయ్యండి, కొయ్యండి. మందారాలు మొగ్గలుగానే కోసీయండి, పళ్ళెంలో ఇచ్చుకుంటాయి."

"డిసెంబరాలు ఇరగబూసినాయమ్మా ఈ ఏడు. కంచె పొడుగూతా ఊదారంగు చీర ఆరేసినట్టు ఉన్నాది."

"గౌరీశ్వరి వదిన సెయ్యి అది. మీవైపు ఎండ తగలదనీసి, ఇటొచ్చి నా పెరట్లో గుచ్చింది కొమ్మలు. మాఘం వత్తే ఏడాది అయిపోద్ది వదిన పోయి."

"ఊఁ. ఇదేటి, ఈ మూల పచ్చగా? గడ్డిపువ్వా?"

"గడ్డిపువ్వే. అదీ కోసీయండి. మీరు దేన్ని ఒదిలినారు గనక? వానల్లో తుమ్మి మొలిస్తే పీకించబోయినాను. అడ్డం పడిపోనారు."

"తుమ్మిపువ్వు శివుడికి ఇష్టం."

"శివుడికేనా?"

"శివుడికే. మరెవులికి?"

"ఎండల్లో మల్లెలు బుట్టడు ఎట్టుకెళ్ళినారు."

"అవి అమ్మవారికి."

"కార్తీకంలో చీకటితో వచ్చీసి పారిజాతాలు ఏరినారు. సెప్పులు ఇప్పీసి మరీ."

"రాలిన పువ్వు తొక్కకూడదు కదమ్మా."

"మంచిదే. అన్నయ్యా, ఎల్లుండి లారీ వత్తాది."

"మబ్బు పట్టినట్టుంది. తుపానని టీవీలో అన్నాడు."

"దాటిపోనాదని కూడా అన్నాడు. ఎల్లుండి సామాను ఎల్లిపోద్ది, మేమూ ఎల్లిపోతాం."

"మొహమ్మదు భాయి ఇంకొన్నాళ్ళు అడిగి ఉండొచ్చు కదా. రిటైరైపోతే ఇంత బేగి ఖాళీ సేసీయాలేటి?"

"ఆయన మనసు వన్ టౌన్ మీదే ఉన్నాది. పుట్టిన సందు కదా. మనిషి ఇక్కడ గానీ ఊపిరి అక్కడే."

"అక్కడ మీకు పెరడు ఉన్నాదా?"

"పెరడా? మేడ మీద రెండు గదులు. మట్టన్నదే నేదు. కిటికీ తీస్తే పోర్టు బొగ్గుపొడి. అక్కడ మల్లె పూసినా నల్లగానే పూస్తాది."

"అయ్యో."

"అందుకే అడుగుతన్నాను. కుండీల్లో ఉన్నవన్నీ మీ గుమ్మంలోకి దింపించీమంటారా? మల్లె, నందివర్ధనం, గులాబీ. మందారం కొమ్మలు కూడా నాటి ఉంచినాను."

"వద్దమ్మా."

"ఏల?"

"నువ్వే అన్నావు కదా, మావైపు ఎండ తగలదని."

"పెరట్లో తగలదు. ముందు గుమ్మంలో సక్కగా తగుల్తాది."

"నాను షిఫ్టులకి తిరిగీవోణ్ణి. నీళ్ళెవులు పోత్తారు?"

"కుండీకి చెంబుడు నీళ్ళు. బ్లాస్ట్ ఫర్నేసు కాడ నిలబడీవోళ్ళకి చెంబుడు నీళ్ళు బరువా?"

"నా సేత్తో మొక్క బతకదమ్మా. అయినా... పక్కింట్లో కోసుకొచ్చిన పువ్వంటేనే దేవుడికి ఇష్టమంట."

"ఎవులన్నారు?"

"మా ఊళ్ళో అంటారు."

"మీ ఊరు మొత్తం దొంగలేనేటి అన్నయ్యా?"

"నవ్వకమ్మా."

"నవ్వనేదు. మరి మా తరవాత ఈ ఇంట్లోకి వచ్చీవోళ్ళకి పెద్ద కుక్క ఉన్నాదంట. పూజకి పూలెలాగ?"

"మార్కెట్టు కాడ కొనుక్కుంటాను."

"పూజకేనా?"

"పూజకే."

"అన్నయ్యా, ఒకటి సెప్తాను, ఏటనుకోకండి. వాడిన పూలు ఎవులి కాళ్ళ కిందా పడకూడదనీసి, సాయంత్రం తెచ్చి నా మందారం మొదట్లో పోత్తారు కదా."

"చెట్టుకి ఎరువవుద్దని."

"వదిన ఉన్నన్నాళ్ళూ ఆ పూలకి కుంకుమ అంటి ఉండీది. మధ్యలో నాలుగు అక్షింతలు కూడా ఉండీవి, పిచ్చుకలు వచ్చి తినీవి. వదిన పోయిన కాణ్ణుంచి ఒక్క పువ్వుకీ కుంకుమ నేదు."

"బుట్ట నిండినాదమ్మా, ఎల్తాను."

"నా మాటకి పలకరేటి?"

"ఏటి పలకమంటావు?"

"మీ ఇళ్ళల్లో మనిషి పోతే ఏడాది తిరిగీదాకా పూజ సెయ్యరు. నాకు వదినే సెప్పింది, మీ అమ్మగారు పోయినప్పుడు. ఆ ఏడంతా దేవుడి గూటికి తెల్లగుడ్డ కప్పీసి ఉంచింది."

"ఇప్పుడూ అదే గుడ్డ. ఒకోపాలి అనుకుంటానమ్మా, మైల మాకు గానీ ఆ స్వామికేటి? గుడ్డ కింద ఆయనకి మాత్రం ఏటి తోస్తాది? పువ్వు ఆగిందా సెప్పు. ఎండకి మల్లె పూసింది, వానకి తుమ్మి పూసింది. పంతులు గార్ని అడిగితే ఆచారం అన్నారు. నాను కాదననేదు. ఇన్నేళ్ళూ పొద్దున్న లేచిన కాణ్ణుంచి ఆయనకే సేసినాను. ఇప్పుడు లేచి ఏటి సెయ్యాలో మాత్రం ఆచారం సెప్పనేదు."

"మరి ఈ పూలన్నీ ఏటి సేత్తన్నారు?"

"పళ్ళెంలో నీళ్ళోసి వంటింటి గట్టు మీద పెట్టుకుంటాను. డ్యూటీ నుంచి వచ్చీసరికి తలలు వాల్చీసి ఉంటాయి."

"దానికోసమా ఇంత చలిలో రావడం?"

"పూల కోసం కాదమ్మా. ఆ ఇంట్లో తాళం వేసీవోణ్ణీ నానే, తీసీవోణ్ణీ నానే. ఎవరది అని అడిగీవోళ్ళు నేరు. ఈ కంచె కాడ నువ్వు అడుగుతావు, నానే అంటాను. ఒకోరోజు ప్లాంటు గేటు కాడ పంచ్ కొట్టీదాకా నా నోటంట అదొక్కటే మాట."

"అల్లా..."

"మంచు దిగతన్నాది. లోపలికి ఎళ్ళమ్మా."

"ఎల్తాను గానీ, కుండీలు దింపించీమంటారా, వద్దా?"

"... దింపించు. డిసెంబరాలు కుండీలో వత్తాయా?"

"కొమ్మ గుచ్చితే వత్తాయి. వదిన గుచ్చినట్టే గుచ్చండి. గులాబీ మాత్రం నాది. మీ దగ్గర ఉంచుతన్నాను, అంతే."

"నీదైతే ఎట్టుకెళ్ళు."

"బొగ్గుపొడిలోకా? లచ్చివారం లచ్చివారం దర్గాకి నాకు గులాబీలు కావాలి. రెండు బస్సులు మారైనా వత్తాను. తలుపు కొట్టను, గుమ్మంలో నిలబడి కోసుకుంటాను. గాజుల సప్పుడు ఇనపడగానే లోపల్నుంచి మీరు అడగాలి, ఎవరది అనీసి."

"నువ్వేనని తెలిసిపోద్ది కదమ్మా. తెలిసీ తెలిసీ ఎవులైనా ఎవరది అని అడుగుతారేటి?"

"ఇన్నాళ్ళూ నాను తెలీక అడిగినానేటి అన్నయ్యా?"