టేకు పలకలు

వీధి అరుగు ముందున్న పుచ్చిపోయిన చెక్కమెట్లను వడ్రంగి ఊడదీస్తున్నాడు. ఇల్లాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“కొత్త చెక్క కొనక్కర్లేదు. మా నాన్నగారు కోయించి పంపిన టేకు పలకలు పెరటి సావిట్లో ఉన్నాయి.”

“ఇంకెక్కడివండి? పోయిన నెలే అయ్యగారు మండపేట పట్టుకెళ్లిపోయారు కదండి. ఆ ఇంటికి మెట్లు నేనే చేశాను.”

“మండపేటలో మాకు ఇల్లేంటి?”

సుత్తి ఆగిపోయింది.

“అక్కడ గడపకి పసుపు రాస్తున్న ఆవిడ మీ చెల్లెలుగారనుకున్నానండి. బాబు ఎక్కడానికి వీలుగా మెట్లు పొట్టిగా పెట్టమన్నారు.”

“బాబుది ఎవరి పోలిక?”

వడ్రంగి తల వంచుకుని మేకులు ఏరుకోసాగాడు. తండ్రి పంపిన పలకల మీద ఆ పిల్లాడి పాదాలు ఆమె కళ్లకు కట్టాయి.

“ఇంక మెట్లు పెట్టకు. ఊడదీసింది అలాగే వదిలెయ్యి.”

“మరి అయ్యగారు ఎలా ఎక్కుతారండి?”

“ఆయనకి అక్కడ మెట్లున్నాయిగా.”